తొక్కు, పట్టు, వదులు



పోయిన నెల ఈ పేజీలో వంటింటి మాటలు చెప్పుకున్నాం. అది చదివిన ఒక కుర్రాడు గుడి మెట్ల దగ్గర నన్ను ఆపాడు. "టీచర్, తెలుగంటే వంటా పూజా తప్ప ఇంకేమీ లేదా?" అని అడిగాడు. వాడి చేతిలో కారు తాళాలు ఉన్నాయి. గేటు బయట వాడి కారు నేలకు ఆనుకున్నట్టు ఉంది. అంత కిందికి దించాడు.

వాడు నన్ను ఇరికించాలని అడిగాడు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఎందుకంటే నాకూ ఆ పిచ్చి ఉంది. బడిలో లెక్కలూ సైన్సూ చెప్పే టీచరమ్మకు కార్ల పిచ్చి ఏమిటని మీరు అనుకోవచ్చు. నా గోళ్ల కింద నలుపు చూసినవాళ్లు అలా అనుకోరు.

అందుకని ఈ నెల మిమ్మల్ని మా ఇంటి వెనక గ్యారేజీలోకి పిలుస్తున్నాను. చెప్పులు విప్పక్కర్లేదు. తెల్ల బట్టలు మాత్రం వేసుకు రాకండి.

నాయన కారు

గ్యారేజీలో ఉన్నది 1989 నాటి బీఎండబ్ల్యూ 325ఐ. కంపెనీ వాళ్ల లెక్కలో దాని పేరు ఈ30. మన డర్బన్‌లో మాత్రం దాన్ని "బాక్స్ షేప్" అంటాం. పెట్టెలాగా మూలలు ఉంటాయి కదా, అందుకు. దాని తర్వాత వచ్చిన గుండ్రటి కారును "డాల్ఫిన్ షేప్" అంటాం. మాది నాలుగు తలుపుల బండి. రెండున్నర లీటర్ల ఇంజిన్. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి. అది ప్రిటోరియా పక్కన రాస్లిన్ ఫ్యాక్టరీలో తయారైంది.

మీలో నా వయసువాళ్లకు ఈ కారు గురించి చెప్పక్కర్లేదు. చిన్నవాళ్లకు చెప్తాను. ఈ30 కారు ప్రపంచమంతా ఉంది. కానీ మన దేశంలో దానికి వేరే చరిత్ర ఉంది. 1980లలో ఈ చిన్న కారులోకి 3.2 లీటర్ల పెద్ద ఇంజిన్ ఎక్కించి, 333ఐ అని అమ్మారు. అలాంటివి సుమారు 200 మాత్రమే చేశారు. అది మన దేశంలో తప్ప ఎక్కడా రాలేదు. తర్వాత 325ఐఎస్ వచ్చింది. రెండు తలుపులు, 2.7 లీటర్ల ఇంజిన్. అదీ మన దేశానిదే. టౌన్‌షిప్‌లలో దాన్ని "గుషేషే" అంటారు. 1990ల మొదట్లో రేసుల్లో దానికీ ఓపెల్ కడెట్ "సూపర్‌బాస్"కూ పోటీ. సోమవారం బడిలో పిల్లలు రెండు జట్లుగా విడిపోయేవాళ్లు. నేను బాక్స్ షేప్ జట్టు.

మా కారు గుషేషే కాదు. దానికి నాలుగు తలుపుల అక్క. నాయన దాన్ని 1996లో పాతదిగా కొన్నాడు. ఆయన ఉత్తర తీరంలో ఒక చక్కెర మిల్లులో ఫిట్టరు. మా ముత్తాత మద్రాసులో ఓడ ఎక్కి చెరకు తోటకు ఒప్పందం కూలీగా వచ్చాడు. తాత అదే తోటలో పెరిగి మిల్లులో చేరాడు. నాయన అదే మిల్లులో యంత్రాలు బాగుచేశాడు. ఆ మూడు తరాల్లో మా ఇంట్లో ఎవరికీ సొంత కారు లేదు, నాయన కార్టినా కొనేదాకా. బీఎండబ్ల్యూ ఆయన రెండో కారు, చివరి కారు. 2019లో ఆయన పోయాడు. కారు రెండేళ్లు దుప్పటి కింద ఉంది.

అమ్మేద్దామని మా ఆయన అన్నాడు. సరే అన్నాను. కొనడానికి వచ్చినవాడు బానెట్ ఎత్తి, "దీన్ని స్పిన్నింగ్‌కు తయారుచేస్తాను" అన్నాడు. స్పిన్నింగ్ అంటే తెలుసు కదా? కారును గుండ్రంగా తిప్పి, టైర్ల నుంచి పొగ తెప్పించడం. అది గొప్ప నేర్పు, కాదనను. కానీ నాయన ప్రతి ఆదివారం తుడిచిన కారు. తాళాలు నా చేతిలోనే ఉండిపోయాయి.

నేను చేసిన తప్పు

ముందు అనుకున్నది కదిలేలా చేయడం మాత్రమే. కొత్త బ్యాటరీ, కొత్త నూనె, కొత్త ప్లగ్గులు. ఈ ఇంజిన్‌లో ఒక రబ్బరు బెల్టు ఉంటుంది. టైమింగ్ బెల్టు అంటారు. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఇంజిన్ పోయినట్టే. కాబట్టి ఎంత వాడారో తెలియని పాత కారు కొంటే ముందు ఆ బెల్టు మార్చాలి. నేనూ మార్చాను. ఇక్కడిదాకా నేను తెలివైనదాన్నే.

తర్వాత పిచ్చి పట్టింది. ఒక వస్తువు మారిస్తే దాని పక్కనున్నది పాతగా కనిపిస్తుంది. ఇది ఈ ఆటలో మొదటి జబ్బు. మొదట ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ వేయించాను. తర్వాత ఇంజిన్ కంప్యూటరులో చిప్ మార్చాను. తర్వాత క్యామ్‌షాఫ్ట్. తర్వాత కారును కిందికి దించే పొట్టి స్ప్రింగులు. తర్వాత 14 అంగుళాల చక్రాలు తీసి 15 అంగుళాలవి.

ఇందులో కష్టాలు చెప్పమంటారా? డర్బన్ సముద్రపు గాలికి బోల్టులు తుప్పు పడతాయి. ఒక్క బోల్టు ఊడదీయడానికి ఒక శనివారం మొత్తం పోయింది. సాయంత్రానికి అది విరిగింది. చెప్పి తెప్పించిన వస్తువు ఆరు వారాలకు వచ్చింది, కానీ వేరే సంవత్సరం కారుది. చిప్ చాలా ఖరీదు. టర్బో లేని ఇంజిన్‌లో చిప్ ఒక్కటే మారిస్తే వచ్చే బలం కొంచెమే. ఆ సంగతి డబ్బు ఇచ్చాక తెలిసింది. పొట్టి స్ప్రింగులు వేశాక, బడి గేటు దగ్గర స్పీడ్ హంప్ మీద కారు కడుపు గీసుకుంది. ఆ చప్పుడు తొమ్మిదో తరగతి మొత్తం విన్నది. మలుపు తిరిగితే టైరు ఫెండర్‌కు ఒరుసుకుంది. ఎగ్జాస్ట్ మోతకు అమ్మ దీపం దగ్గర నుంచి లేచి వచ్చి, "మీ నాయన ఉంటే ఈ గొడ్డు అరుపు విని ఏమనేవాడో!" అంది.

అయినా సుఖం కూడా ఉంది. అది లేకపోతే ఎవరు చేస్తారు? ఒక వస్తువు నీ చేత్తో విప్పి, అదెందుకుందో తెలుసుకుని, మళ్లీ బిగించి, తాళం తిప్పితే ఆరు సిలిండర్లూ ఒక్క గొంతుతో పలుకుతాయి. ఆ నిమిషంలో నా వయసు పదహారు. పెట్రోలు బంకులో పెట్రోలు పోసే అన్న, "మేడమ్, బానెట్ తెరవండి, ఒక్కసారి చూస్తాను" అంటాడు. ముగ్గురు చేరతారు. ఒకరు జులూలో, ఒకరు ఇంగ్లీషులో, నేను చేతులతో మాట్లాడుకుంటాం. ఇరవై ఏళ్లు అదే బంకుకు వెళ్లాను. ఈ కారులో వెళ్లేదాకా ఎవరి పేరూ నాకు తెలియదు.

ఇంకో మాట. సైన్సు టీచర్ని కదా, చెప్పకుండా ఉండలేను. మన తీరంలో గాలి చిక్కగా ఉంటుంది. జోహన్నెస్‌బర్గ్ సముద్రానికి 1,700 మీటర్లకు పైన ఉంది. అక్కడ గాలి పలచన. టర్బో లేని ఇంజిన్ అక్కడ దాదాపు ఆరో వంతు బలం పోగొట్టుకుంటుంది. అంటే వేల ర్యాండ్లు పెట్టి నేను తెచ్చుకున్న బలం కంటే, డర్బన్‌లో ఉన్నందుకు ఉచితంగా వచ్చిన బలమే ఎక్కువ. ఈ లెక్క నేను ముందే వేసి ఉండాల్సింది.

కానీ అసలు తప్పు అది కాదు. నేను కారును పరుగెత్తించే వస్తువులన్నీ మార్చాను. ఆపే వస్తువు ఒక్కటీ ముట్టలేదు.

ఫీల్డ్స్ హిల్ మీద

పోయిన సంవత్సరం జనవరిలో హిల్‌క్రెస్ట్‌లో ఉన్న మా పిన్ని ఇంటికి వెళ్లాం. అమ్మ నా పక్కన కూర్చుంది. మా అబ్బాయి వెనక కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మధ్యాహ్నం మూడు. చెమట కారే ఎండ. క్లూఫ్ దాటి ఫీల్డ్స్ హిల్ దిగుతున్నాం. ఆ కొండ మీకు తెలుసు. పైన్‌టౌన్‌లోకి దిగే నిట్టనిలువు దారి.

నేను పై గేరులో ఉండి, బ్రేకు మీద కాలు పెట్టే దిగాను. అది రెండో తప్పు. కొండ దిగేటప్పుడు చిన్న గేరులో దిగాలి. ఇంజిన్ కూడా కారును పట్టుకుంటుంది. అది నాకు తెలుసు. కానీ అమ్మకు పిన్ని మాటలు చెప్తూ మరిచిపోయాను.

సగం దిగాక పెడల్ మెత్తబడింది. ఇంకా తొక్కాను. పెడల్ నేలకు తగిలింది. కారు ఆగలేదు.

మీకు ఒకటి చెప్పాలి. అలాంటప్పుడు మనిషికి ఆలోచన రాదు. చేతులకు తెలిసింది చేస్తాయి. పెడల్ మీద వరసగా తొక్కాను, తొక్కాను, తొక్కాను. మూడో గేరు. ఇంజిన్ అరిచింది. రెండో గేరు. హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా పైకి లాగాను. ముందు ఒక లారీ ఉంది. దాని వెనక రాసిన అక్షరాలు పెద్దవవుతూ వచ్చాయి. పక్క లైను ఖాళీగా ఉంది. అది నా తెలివి కాదు, అదృష్టం. కొండ కింద రోడ్డు అంచున కారు ఆగింది. అమ్మ చేతిలో పిన్ని ఇచ్చిన లడ్డూల డబ్బా ఉంది. మూత మీద ఆమె వేళ్లు తెల్లగా అయిపోయాయి.

అమ్మ ఏమీ అనలేదు. టాక్సీ పిలవమంది. ఆ రోజు తర్వాత ఆమె ఆ కారు ఎక్కలేదు.

ఏం జరిగింది?

బ్రేకు ఎలా పనిచేస్తుందో చెప్తాను. మీ కాలు పెడల్‌ను తొక్కుతుంది. పెడల్ ఒక ద్రవాన్ని నెడుతుంది. దాన్ని బ్రేక్ ఫ్లూయిడ్ అంటాం. ఆ ద్రవం సన్నని పైపుల్లో నాలుగు చక్రాలకూ వెళ్తుంది. అక్కడ ప్యాడ్లను డిస్కుకు గట్టిగా అదుముతుంది. ద్రవాన్ని నొక్కినా అది దాదాపు తగ్గదు. కాబట్టి మీ కాలి బలం మొత్తం చక్రం దాకా చేరుతుంది. గాలి అలా కాదు. నొక్కితే ముడుచుకుంటుంది. పైపులో గాలి గానీ ఆవిరి గానీ ఉంటే, మీ కాలి బలమంతా దాన్ని ముడవడానికే పోతుంది.

ఆ ద్రవానికి ఒక చెడ్డ గుణం ఉంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ అంకె 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. కొండ మీద బ్రేకులు వేడెక్కితే ఆ వేడికి ద్రవం మరుగుతుంది. మరిగితే ఆవిరి. ఆవిరి ఉంటే పెడల్ నేలకు. అందుకే రెండేళ్లకు ఒకసారి ఆ ద్రవం మార్చమంటారు. డర్బన్ గాలిలో తేమ ఎంతో మీరు బట్టలు ఆరేసినప్పుడే తెలుస్తుంది కదా.

నా కారులో అది ఎప్పటిదో తెలుసా? నాయన చేతిరాతలో డబ్బా మీద ఉంది: 2016. టీ డికాక్షన్ రంగులోకి వచ్చేసింది. ఆ డబ్బా అదే అలమరాలో ఉంది. నేను కొత్త క్యామ్‌షాఫ్ట్ పెట్టెను దాని పక్కనే పెట్టాను. చదవలేదు. ఏటా పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పాఠం అది.

మూడు మాటలు

కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు, కొత్త గొట్టాలు కొన్నాను. తర్వాత ద్రవం మార్చి, పైపుల్లో గాలి తీయాలి. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ దగ్గర, ఒకరు చక్రం దగ్గర. పెడల్ దగ్గరున్నవాళ్లు తొక్కి పట్టుకుంటారు. చక్రం దగ్గరున్నవాళ్లు చిన్న స్క్రూ విప్పుతారు. పాత ద్రవం, దానితో గాలి బుడగలు, సన్నని గొట్టంలోంచి సీసాలోకి వస్తాయి. స్క్రూ బిగించాక పెడల్ వదలాలి. బిగించక ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి, ఒక్కో చక్రానికి బుడగలు ఆగేదాకా చేయాలి.

ఈ పని నేను ఎనిమిదేళ్ల వయసులో చేశాను. నాయన కార్టినా కింద పడుకుని అరిచేవాడు: "తొక్కు! పట్టు! వదులు!" నా కాలు అందేది కాదు. సీటు అంచున కూర్చుని, స్టీరింగ్ పట్టుకుని వేలాడేదాన్ని. ఒకసారి "నొక్కాను నాయనా" అన్నాను. కారు కింద నుంచి నవ్వు వినిపించింది. "వేలితో నొక్కుతారు, కాలితో తొక్కుతారు" అన్నాడు. అది నా మొదటి తెలుగు పాఠం. గుడి తరగతి తర్వాత వచ్చింది.

గుడి తరగతిలో నాకు అక్షరాలు వచ్చాయి. చక్రం నేర్పారు, రథం నేర్పారు. స్పానర్ మాత్రం ఎవరూ నేర్పలేదు. అక్కడ నేర్చుకున్న గర్వంతో ఇంటికి వచ్చి నాయన మాటలు దిద్దేదాన్ని. నట్టు కదులుతుంటే ఆయన "లూజు" అనేవాడు. "నాయనా, లూజు తెలుగు కాదు. వదులు అనాలి" అన్నాను. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆయన స్పానర్ తుడుచుకుంటూ, "అట్లాగే టీచరమ్మా" అన్నాడు. కానీ మానలేదు. చివరిదాకా లూజు అనే అన్నాడు. నాకది లోపల చిన్నతనంగా ఉండేది.

ఇప్పుడు వినండి. పోయిన సంవత్సరం మార్చిలో ఒక శనివారం. నేను చక్రం దగ్గర, మా అబ్బాయి పెడల్ దగ్గర. వాడికి పదిహేడేళ్లు. వాడూ గుడి తరగతి తెలుగే. మూడు మాటలూ నేర్పాను. మొదటి చక్రం బాగా అయింది. రెండోది అయింది. మూడో చక్రం దగ్గర వాడు తొక్కి పట్టాడు, నేను స్క్రూ విప్పాను. గొట్టం సరిగ్గా పట్టలేదు, జారుతోంది. నేను నోరు తెరిచి అన్నాను: "అయ్యో, గొట్టం వదులు!"

వాడు విన్నది ఏమిటి? "వదులు!" కాలు తీసేశాడు. స్క్రూ తెరిచే ఉంది. బుడబుడమని గాలి మొత్తం లోపలికి పోయింది. గంట పని నీళ్లపాలు.

"నువ్వే కదమ్మా వదలమన్నావు!" అన్నాడు. వాడిది తప్పు కాదు. వదులు అంటే గట్టిగా లేనిది. వదులు అంటే విడిచిపెట్టు అని కూడా. రాస్తే ఒకటే, పలికితే ఒకటే. పుస్తకంలో వాక్యం చూసి అర్థం తెలుసుకోవచ్చు. కారు కింద అంత తీరిక ఉండదు.

చేతుల్లో బ్రేక్ ఫ్లూయిడ్ కారుతుండగా నేను సిమెంటు మీద కూర్చుండిపోయాను. నాయన లూజు అని ఎందుకు అనేవాడో అప్పుడు నాకు అర్థమైంది. ఆయనకు తెలుగు రాక కాదు. వదులు అనే మాటను ఆయన కాలికి ఇచ్చేశాడు. నట్టుకు ఇంకో మాట కావాలి. లూజు తీసుకున్నాడు. ముప్పై ఏళ్లు మిల్లులో యంత్రాల మధ్య అరుస్తూ పనిచేసినవాళ్లు అలా మాటలు పంచుకున్నారు. ఒక మాట తప్పుగా వినిపిస్తే అక్కడ వేళ్లు పోతాయి. నేను దాన్ని పన్నెండేళ్ల వయసులో దిద్దాను.

"మళ్లీ మొదలుపెడదాం" అన్నాను అబ్బాయితో. "ఈసారి గొట్టం జారితే లూజు అంటాను. వదులు అంటే నీ కాలికి మాత్రమే." చీకటి పడేసరికి నాలుగు చక్రాలూ అయ్యాయి. పెడల్ తొక్కితే రాయిలాగా గట్టిగా ఉంది.

కార్లున్న పిల్లలకు

గుడి మెట్ల దగ్గర నన్ను ఆపిన అబ్బాయీ, ఇది నీకోసం. కారు మార్చవద్దని నేను చెప్పను. చెప్పినా వినవు, నేనూ వినలేదు. వరస మాత్రం చెప్తాను. మొదట బ్రేకులు, టైర్లు. తర్వాత ఇంజిన్‌ను చల్లగా ఉంచే రేడియేటరు, నీటి గొట్టాలు, థర్మోస్టాట్. తర్వాత స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు, అవి కూడా ఒకదానికి ఒకటి సరిపోయేవి. ఇంజిన్ బలం అన్నిటికంటే చివర. ఈ వరసలో చేస్తే మూడో మెట్టుకే నీ కారు కొత్తగా అనిపిస్తుంది. నాలుగో మెట్టు అవసరం లేదని కూడా అనిపించవచ్చు.

మార్చిన ప్రతి వస్తువు సంగతీ ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పు. దాచితే ప్రమాదం జరిగిన రోజు డబ్బు ఇవ్వకపోవచ్చు. పరుగు పందెం కావాలంటే రోడ్డు మీద వద్దు. పోర్ట్ షెప్‌స్టోన్ దగ్గర డెజీ రేస్‌వే ఉంది, అక్కడికి వెళ్లు. ఒక వస్తువు తీసేముందు అది అక్కడ ఎందుకుందో అడుగు. తెలిసినవాళ్లు లేకపోతే తెలిసేదాకా తీయకు. నేను పొట్టి స్ప్రింగులు తీసి పాతవాటి ఎత్తు ఉన్నవి వేశాను. పాత ఎగ్జాస్ట్ కూడా మళ్లీ పెట్టాను. క్యామ్‌షాఫ్ట్ ఉంచుకున్నాను. అదొక్కటి నాకిష్టం.

జూన్‌లో ఒక ఆదివారం గుడికి బయలుదేరుతున్నాం. అమ్మ చీర కట్టుకుని, పూల సంచి పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. మా ఆయన తన కారు తలుపు తెరిచి నిలబడ్డాడు. ఆమె ఆయన్ని దాటి గ్యారేజీ దాకా నడిచింది. బాక్స్ షేప్ ఎడమ తలుపు మీద చెయ్యి పెట్టింది.

"ఆగుతుందా?" అని అడిగింది.

"ఆగుతుందమ్మా."

"ఎవరు చేశారు?"

"నేనూ అబ్బాయీ."

ఆమె మనవడి వైపు చూసింది. "కాలు ఎవరిది?" అంది. వాడు చెయ్యి ఎత్తాడు. ఆమె ఎక్కి కూర్చుంది. దారిలో ప్రతి రోబోట్ దగ్గరా ఆమె కుడి కాలు కూడా నేలను తొక్కింది. నేను చూడనట్టు ఉన్నాను.

ఈ నెల పని

ఈ మాటలు ఇంట్లో పలకండి. ఎవరితోనైనా ఒక పని చేస్తూ పలకండి, ఊరికే కాదు. నొక్కు: ఇది వేలికి, చేతికి. తొక్కు: ఇది కాలికి. పట్టు: కదలకుండా ఉంచు. విప్పు: స్క్రూ గానీ ముడి గానీ తెరువు. బిగించు: గట్టిగా తిప్పి మూయి. ఒరుసుకొను: ఒకదానికి ఒకటి రాసుకోవడం, నా టైరూ ఫెండరూ చేసినట్టు. వదులు: రెండు అర్థాలు మీకు తెలుసు, జాగ్రత్త.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏదైనా పనిలో వాడే మాట మీకు తప్పుగా అనిపిస్తే వెంటనే దిద్దకండి. వాళ్ల పక్కన కూర్చుని ఆ పని ఒకసారి చేయండి. తర్వాత ఆ మాట రాసి నాకు పంపండి. మిల్లు మాటలు, చేపల పడవ మాటలు, కుట్టు మిషను మాటలు ఏవైనా సరే. వచ్చే నెల ఈ పేజీలో మీ మాటలే వేద్దాం.

అంతదాకా సెలవు. కొండ దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి.